వంశం కాగితంలో నేను రాయని మాట

ఇరవై రెండేళ్ళుగా ఒక మాటను లోపల పెట్టుకుని బతుకుతున్నాను. పెద్ద మాటేమీ కాదు. కాగితం మీద పెడితే రెండు వరసలకు మించదు. రాయవలసిన రోజున దాన్ని రాయలేదు. ఆ తరవాత చెప్పవలసిన రోజులు ఎన్నో వచ్చాయి, చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీ ముందు కూర్చోగలుగుతున్నాను. తెలిసిన ముఖాల ముందు నా నోరు పెగలదు.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. దేవుడు నాకు తక్కువ చేయలేదు. టెక్కలి దగ్గర మా పుట్టింటి పంచలో ఇసక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించిన తండ్రినిచ్చాడు. ఆడపిల్ల బడికి వెళ్ళే రోజులు కావవి. ఆయనే బడి అయ్యాడు. కోడలి చదువును చూసి మూతి తిప్పుకోకుండా మురిసిపోయిన అత్తవారింటినిచ్చాడు. రోజూ పొద్దున్నే దీపం వెలిగించి ఇవన్నీ తలుచుకుంటాను, పేరు పేరునా దండం పెట్టుకుంటాను. అయితే అలా దండం పెట్టుకునే వాటిలో కొన్ని నాకు ఎలా వచ్చాయో నాకు తెలుసు. దేవుడికీ తెలుసు. ఇద్దరం ఆ ఊసు ఎత్తకుండా ఇన్నేళ్ళూ గడిపాం.

మా అత్తవారిది ఉద్దానం. పూండి స్టేషనులో రైలు దిగి సముద్రం వైపు ఇసక దారిన నడిస్తే కొబ్బరి తోటల నడుమ ఊరు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుడితే, పురుడు వెళ్ళిన నాడు తోటలో ఒక కొబ్బరి మొక్క నాటుతారు. ఆ చెట్టు ఆ బిడ్డదే. తూర్పు కొసన ఉన్న వరస ముత్తాతలది, దాని పక్కది తాతలది, ఆ పక్కది మామగారి తరానిది, ఇంకా ఇవతలది మా ఆయనదీ, ఆయన చెల్లెలు నీలమ్మదీ. జమీందారు కచేరీలో మా ఇంటి గురించి ఉన్న కాగితాలన్నీ భూమి గురించే. ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు ఏ ఊరు వెళ్ళారో ఏ కాగితంలోనూ లేదు. అదంతా తోటలో ఉంది. ఆ తోటను చెప్పగలిగిన మనిషి మాత్రం అప్పటికి ఒక్కరే మిగిలారు. మామగారి తల్లి. ఊరంతా ఆమెను మామ్మ అనేవారు.

నీలమ్మ గురించి ఎలా చెప్పను? ఆమె గురించి మంచి చెప్పబోతే నా చెయ్యి సిగ్గుపడుతోంది. నేను కాపురానికి వచ్చిన వారం లోపే "మా ఒదిన పంతులమ్మ" అని వీధి వీధి తిరిగి చాటింది. ఎవరి ఇంట ఉత్తరం వచ్చినా నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది, తానే చదివినంత గొప్పగా పక్కన నిలబడేది. నా తొలి కాన్పు దక్కనప్పుడు తొమ్మిది రోజులు నా మంచం పక్కన నేల మీద పడుకుంది. నేను అంబలి ముట్టకపోతే తానూ ముట్టనని మొండికేసింది. ఊరికే అన్న మాటనుకున్నాను. రెండో రోజుకి దాని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అప్పుడు తాగాను. ఆ అంబలి వల్ల నేను బతికాను. ఆ మనిషికి నేను ఏం చేశానో ఇప్పుడు చెప్పబోతున్నాను.

నీలమ్మకు పద్దెనిమిది నిండాక నందిగాం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు సూర్యనారాయణ. తండ్రితో కలిసి పిల్లను చూడటానికి వచ్చిన రోజున మా పశువుల శాలలో కోడెదూడ పలుపు తెంచుకుని వాకిట్లోకి ఉరికింది. అందరూ కేకలు వేస్తున్నారు. ఈ అబ్బాయి లేచి దాని మెడ పట్టుకోబోయి, కుడితి గోలెం పక్కన బురదలో జారి వెల్లకిలా పడ్డాడు. కొత్త పంచె, కొత్త చొక్కా. అందరం నవ్వాలో వద్దో తెలియక బిగుసుకుపోయాం. అతనే ముందు నవ్వాడు. పడిన చోటే కూర్చుని కడుపుబ్బ నవ్వాడు. లోపల తలుపు వెనక నీలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఒదినా, పడ్డోడు ముందు తానే నవ్వినాడే. ఇలాటోడు ఇంట్లో ఉంటే కూడు నేకపోయినా ఒప్పీసుకోవొచ్చు" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆమెకు ఇష్టమని నాకు తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు. తెలుసు. అందరికన్నా ముందు నాకే తెలుసు.

అడ్డు వచ్చినది మామగారి శంక. ఆయన చిన్నప్పుడు ఎక్కడో ఒక మాట విన్నారట, తన పినతండ్రి ఒకరిని పసితనంలోనే నందిగాం వైపు దత్తతకు ఇచ్చారని. ఏ ఇంటికో తెలియదు. మా ఇళ్ళలో ఇచ్చేసిన పిల్లవాడి ఊసు మళ్ళీ ఎత్తరు. ఎత్తితే ఇచ్చిన చెయ్యి వెనక్కి చాపినట్టు. సూర్యనారాయణ తాత కూడా ఆ ఇంటికి దత్తు వచ్చినవాడేనని మధ్యవర్తి మాటల్లో బయటపడింది. ఆ పిల్లవాడూ ఈ తాతా ఒకరే అయితే? ఇంటిపేర్లు వేరైనా రక్తం ఒకటి. నీలమ్మకు సూర్యనారాయణ అన్న వరస. మామగారు ఆ పూట అన్నం సహించక లేచిపోయారు. అన్నాచెల్లెళ్ళకు ముడి వేసిన ఇల్లు అన్న మాట పడితే ఆ ఇంట మళ్ళీ ఎవరూ పిల్లనివ్వరు, పిల్లను చేసుకోరు.

మామ్మను అడగాలి. అందులో ఒక చిక్కు ఉంది. భర్త పేరు గానీ మామ పేరు గానీ ఆమె నోట జన్మలో రాలేదు. మగవాళ్ళ ముందు అత్తింటి పెద్దల మాటే ఎత్తదు. చూపు పోయి చాలా ఏళ్ళయింది. తోటలోకి తీసుకువెళితే చెట్టు ముట్టుకుని ఇది ఫలానా వారిది అని వరస చెప్పగలదు. పక్కన ఆడమనిషి ఉండాలి. ఆ ఆడమనిషికి రాత వచ్చి ఉండాలి. ఇంట్లో అలాంటిదాన్ని నేనొక్కదాన్నే. కానీ నేనూ కోడలినే గదా, ఆ పేర్లు నాకూ అనరానివే. దానికి మామ్మే తీర్పు చెప్పింది.

"నోటితో అనకూడదు గానీ సేత్తో రాత్తే తప్పేటి? రాత నోరు కాదు గదా. రాయే అమ్మీ."

పొద్దున్నే బయలుదేరాం. నా భుజం మీద ఆమె చెయ్యి. నా చంకలో పలక, పలక మీద కాగితం, ఇంకో చేతిలో సిరాబుడ్డి. ఆమె ఇసకలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, తూర్పు వరసలో మొదటి చెట్టును ఇలా అరచేత్తో తడిమి, "ఇది మా మావది. నీ కలం ఆయన పేరు రాత్తాది, రాయనీ" అంది. రాశాను. ఆ తరవాత పక్క వరస. ఒక చెట్టు దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగింది. మామగారి తండ్రిది, అంటే ఆమె పెనిమిటిది.

"ఈయన నన్ను సానా ఏడిపించినాడే. సెట్టే నయం, ఎదురు మాటాడదు" అంది. నేను నవ్వుతూ రాశాను. ఆ పొద్దు నేను సంతోషంగానే ఉన్నాను. అది కూడా చెప్పాలి. ఒక ఇంటి వంశమంతా నా అక్షరాల్లోకి దిగుతోందని లోపల గర్వం. దేవుడికి దండం పెట్టుకుంటూనే రాశాను.

నాలుగో చెట్టు కొంచెం వంగి ఉంది. దాన్ని ముట్టుకోగానే మామ్మ గొంతు మారింది.

"ఇది సింహాద్రిది. నా సిన్న మరిది. నాను కాపరానికొచ్చేతలికి ఐదేల్ల గుంటడు. నా కొంగట్టుకు తిరిగేవోడు. ఆడినే నందిగాం ఇచ్చీసినారు."

"ఏ ఇంటికి మామ్మా?"

ఇంటిపేరు చెప్పింది. సూర్యనారాయణ వాళ్ళ ఇంటిపేరే. సింహాద్రిని నందిగాంలో ఆ ఇంటికి దత్తు ఇచ్చారని రాశాను. అయ్యో నీలమ్మా, అనుకున్నాను. ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. మామ్మ చెట్టు మీంచి చెయ్యి తీయలేదు.

"ఎల్లిన యేడే ఆడికి అమ్మోరు పోసి సచ్చిపోనాడే. కబురొత్తే మా అత్త మూడు దినాలు గంజి ముట్టనేదు. ఆల్లు మల్లీ టెక్కలవతల్నుంచి ఇంకో గుంటడిని తెచ్చుకున్నారు. ఆడికీ సింహాద్రి పేరే ఎట్టుకున్నారు, పోనోడి పేరు నిలబడాలని. ఈ సూర్నారాన తాత ఆ రెండోడు. మనోడు కాదు. మన నెత్తురు కాదు. ఈ పెల్లికి తప్పు నేదు. రాసినావా?"

"రాసినాను మామ్మా."

రాయలేదు.

ఆమె చెయ్యి చాపి, "ఏదీ" అంది. కాగితాన్ని ఆమె చేతి కిందికి జరిపాను. దత్తు మాట రాసిన చోట సిరా ఇంకా ఆరలేదు. వేలికి తడి తగిలింది. ఆ తడే చాలనుకుంది. "ఇంకేటి, ఎల్దాం పద. కాల్లు లాగుతన్నాయి" అంది. ఆమె వేలి కొసన సిరా మరక. ఇంటికి వెళ్ళాక నేనే కడిగాను.

ఎందుకు రాయలేదు? ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రశ్న వేసుకుంటున్నాను, ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. నాకు ఒక చెల్లెలు ఉంది, దమయంతి. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా మచ్చలు మిగిలాయి. బతికింది, అదే చాలని నాన్న అనేవారు. నాన్న పోయాక ఆ మాట అనేవారు లేరు. నాలుగు సంబంధాలు వచ్చాయి. నాలుగుసార్లూ అది తల దువ్వుకుని పీట మీద కూర్చుంది, నాలుగుసార్లూ వాళ్ళు మజ్జిగ తాగి మంచి మాటలు చెప్పి వెళ్ళిపోయారు. ఐదోసారి తల దువ్వుకోనంది. అమ్మ నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట, నా తరవాత దీనికెవరు అని. మామ్మ నోట అమ్మవారు పోసిన మాట వినగానే నా కళ్ళ ముందు దమయంతి ముఖం కదిలింది. ఇది నిజం. కానీ ఆ ముఖం కదిలాక చెయ్యి ఆగిందా, చెయ్యి ఆగాక ఆ ముఖాన్ని నేనే తెచ్చి నిలబెట్టుకున్నానా? సాయంత్రం కుదురుగా కూర్చుని రాద్దామనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆ సాయంత్రం నాకు పని ఏమీ లేదు. సిరా ఉంది. కాగితంలో చోటు ఉంది. కూర్చోలేదు.

మూడో రోజు పొద్దున్న నందిగాం వాళ్ళు బండి కట్టుకుని వచ్చారు. సూర్యనారాయణ తండ్రీ, మధ్యవర్తీ. మా ఆయన అరుగు మీద కూర్చుని కాగితం చదివారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. నీలమ్మ పెరట్లో కొబ్బరి పీచుతో తాడు పేనుతోంది. ఆ చప్పుడు వినిపిస్తోంది. సింహాద్రి పేరు దగ్గర మా ఆయన గొంతు తగ్గింది. దత్తు మాట చదివి ఆగారు. ఆ కింద ఏమీ లేదు గనక ఆగారు.

సూర్యనారాయణ తండ్రి నేల చూస్తూ అన్నాడు.

"మా అయ్యది దత్తు ముందు ఏ ఊరో మాకెవులూ సెప్పనేదు. ఆయనా సెప్పకండానే పోనాడు. పేరు సింహాద్రే. ఇంకేటుంది బావా..." అని ఆగిపోయాడు. "బావా అన్నాను. అన్నా అనాలేమో."

మామగారు భుజం మీది కండువా తీసి మడత పెట్టారు, మళ్ళీ విప్పారు. తలుపు వైపు తిరిగి, "అమ్మా, మామ్మనింకోపాలి అడుగు. ఇచ్చినోడు ఈల్ల అయ్యేనా అని. పెద్ద మాట, ఒక్కపాలితో తేల్చుకోకూడదు" అన్నారు.

దేవుడు నాకు దారి తెరిచాడు. అంతకన్నా స్పష్టంగా ఎవరికైనా తెరుస్తాడా? లోపలికి వెళ్ళి, బయటికి వచ్చి, మామ్మ ఇంకో మాట కూడా చెప్పింది మావా, నేను రాయడం మరిచాను అంటే సరిపోయేది. కోడలి మరుపు, ఒక పూట నవ్వుకునేవారు. ఆ వాక్యాన్ని మనసులో కూర్చుకుంటూనే గదిలోకి వెళ్ళాను.

మామ్మ మెలకువగానే ఉంది. నా అడుగు గుర్తుపట్టింది.

"ఏటే, కుదిరినాదా?"

"మాటాడుకుంటన్నారు మామ్మా."

"నిమ్మలంగా మాటాడుకోమను. నీలమ్మకి మంచి ఇల్లు దొరికినాది."

ఒక ప్రశ్న అడగడానికీ జవాబు వినడానికీ ఎంతసేపు పడుతుందో అంతసేపు అక్కడే నిలబడ్డాను. పెరట్లో తాడు పేనే చప్పుడు ఆగింది, నీలమ్మ వింటోంది. మామ్మ తన చేతిని గాలిలో చాపి నా చెంగు కోసం వెతికింది. నేను ఒక అడుగు వెనక్కి జరిగాను. ఏమీ అడగలేదు. తలుపు దగ్గరికి వచ్చి, మామగారి వైపు చూడకుండా, అవునని తల ఊపాను.

పెద్దల పేర్లు పలకని కోడలు తల ఊపితే చాలు. అది మర్యాద. నా మౌనంలో తప్పు వెతకాలని ఎవరికీ తోచలేదు.

నందిగాం వాళ్ళు నీళ్ళు తాగి లేచారు. వెళ్ళేముందు సూర్యనారాయణ తండ్రి మామగారిని కౌగిలించుకున్నాడు, పోయిన అన్నదమ్ముల పిల్లలు ఇన్నేళ్ళకు కలిశారని. ఇద్దరి కళ్ళూ తడిశాయి. పెరట్లోకి వెళ్ళాను. నీలమ్మ పేనిన తాడునంతా విప్పి, పీచు మళ్ళీ కుప్ప పోసి, మొదటి నుంచి పేనుతోంది. నన్ను చూసి, "ఆ నవ్వు మనింటి నవ్వేనేమోలే ఒదినా, అందుకే నచ్చినాది" అంది. అని తల వంచుకుంది.

మామ్మ ఆ తరవాత నలభై రోజులు బతికింది. ఆ నలభై రోజులూ నేను ఆమె గది వదలలేదు. పెళ్ళి ఎందుకు తప్పిందని అడిగితే వాళ్ళే వద్దనుకున్నారని చెప్పాను. "ఆల్ల కల్లు పోనాయి" అని తిట్టింది. మామగారు వచ్చి కూర్చుంటే నేనూ అక్కడే ఏదో పని కల్పించుకునేదాన్ని. నీలమ్మ అన్నం తినిపిస్తానంటే నేనే తినిపిస్తానని గిన్నె లాక్కునేదాన్ని. ఒక్క మాట, ఒక్క మాట మామ్మకూ వాళ్ళకూ మధ్య జారితే చాలు, అంతా బయటపడేది. మామ్మ నా చేతుల్లోనే పోయింది. అంత సేవ చేసిన మనవడి పెళ్ళాన్ని చూడలేదని ఊరు చెప్పుకుంది. మామగారు నా ముందు చేతులు జోడించబోయారు. ఆ సేవ కావలి అని నాకొక్కదానికే తెలుసు.

దమయంతి మాట నేనే ఎత్తాను. ఎవరో అడిగితే చెప్పానని కూడా అనలేను. తల ఊపిన ఎనిమిదో రోజున, మా ఆయన తోటలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, సూర్యనారాయణ తల్లి జబ్బు మనిషి, ఇంటికి కోడలు కావాలని తొందరపడుతోంది, మా దమయంతి ఉంది గదా అన్నాను. వరసకు తమ్ముడైనవాడికి మరదలినివ్వడం, ఎంత బాగుందో అని ఆయన సంబరపడ్డారు. సూర్యనారాయణ తల్లి మచ్చలు చూసి మొహం తిప్పుకోలేదు. "మొకంతో గంజి కాత్తారేటి?" అందట. మామ్మ పోయాక పెళ్ళయింది. పీట మీద మా చెల్లెలు తల ఎత్తి కూర్చుంది. అమ్మ నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. ఆ రోజు దీపం దగ్గర కూర్చుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. చెప్పుకున్నాను.

దమయంతికి ముగ్గురు పిల్లలు. అతను దాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడు. దాని ఇంటికి వెళితే ఇప్పటికీ ఇద్దరూ దేనికో నవ్వుకుంటూ కనిపిస్తారు. జరిగినదంతా జరగకుండా ఉంటే బాగుండునని నేను అనగలనా? ఆ పిల్లల ముఖాలు చూస్తూ అనగలనా? అనలేను. అనలేకపోతే ఇది ఎలాంటి పశ్చాత్తాపం?

నీలమ్మకు మరుసటి యేడు సోంపేట వైపు పెళ్ళి చేశారు. ఆ మనిషి చెడ్డవాడు కాడు. బారువ రేవులో ఓడ ఎక్కి రంగం, అదే రంగూన్, వెళ్ళాడు, మా వైపు ఎందరో వెళ్ళినట్టే. ఒక ఉత్తరం వచ్చింది, నేనే చదివాను. ఆ తరవాత రాలేదు. బతికి ఉన్నాడో లేదో తెలియక, బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలియక, నాలుగేళ్ళు అత్తింట్లో చూసి మా ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచి ఒకే వంటింట్లో ఇద్దరం. నా పిల్లలను తానే పెంచింది.

సూర్యనారాయణ మా ఇంటికి వచ్చేవాడు. అల్లుడిలా కాదు, కొడుకులా. ప్రతి యేడూ నీలమ్మకు చీర తెచ్చేవాడు, ఆడపడుచుకు అన్న తెచ్చినట్టు. "అన్నయ్యా, ఈ రంగేటి, నన్ను ముసిలిదాన్ని సేసినావా" అని ఆమె వేళాకోళం చేసేది. అతను పకపకా నవ్వేవాడు. నేను వడ్డిస్తూ ఉండేదాన్ని. మామగారు పోయినప్పుడు అతను తన పెదనాన్నే పోయాడని మూడు రోజులు మైల పట్టాడు. తడి పంచెతో మా నూతి దగ్గర నిలబడి, తనవారిది కాని చావుకు తల మీంచి నీళ్ళు పోసుకుంటుంటే కిటికీలోంచి చూశాను. చూసి, లోపలికి వచ్చి, అతనికి పొడి బట్ట తీసి పెట్టాను.

పోయిన నెల నీలమ్మకు జ్వరం తగిలింది. తగ్గలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాను. కళ్ళు తెరిచి, "ఒదినా, ఓ మాటడగనా? నవ్వవు గదా?" అంది.

"అడుగమ్మా."

"నాకు సానా యేల్లు ఆయన్ని అన్నయ్యా అని పిలిత్తే నోరు సేదుగుండేది. మనసు ఒప్పేది కాదు. పాపమేమో అని దడ. ఎవులికీ సెప్పనేదు. నీ కాగితం తలుసుకుని నన్ను నాను కట్టీసుకున్నాను. ఒదిన రాసినాది, తప్పుండదు అని. అది నిజమే గదా ఒదినా? ఆయన నాకు అన్నే గదా?"

ఆమె కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు. ఆమె తన మనసును తానే పాపిష్టిదనుకుని కొట్టుకుందని నాకు అప్పుడు తెలిసింది. అందులో పాపం లేదు నీలమ్మా, ఏనాడూ లేదు, పాపం నాది. ఈ మాటలు నా గొంతు దాకా వచ్చాయి. మొదటిసారి నేను రాయలేదు. రెండోసారి తల మాత్రం ఊపాను. రెంటిలోనూ నీలమ్మతో నోటితో అబద్ధం ఆడలేదని నాలో నేను ఎక్కడో ఒక మూల సర్దుకుని ఉన్నాను.

"నిజమే" అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. "అయితే మంచిదే. నువ్వు రాయబట్టి గదా ఆ పాపం తప్పినాది. నీ ఋణం నాను తీర్సుకోనేదు" అని నా చెయ్యి తీసుకుని చెంప కింద పెట్టుకుంది. చెంప కాలిపోతోంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకునే హక్కు కూడా లేదనిపించింది. నాలుగో రోజున పోయింది.

చెప్పి ఉంటే ఆ చివరి రోజుల్లో ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టినదాన్ని అయ్యేదాన్ని అనుకుందామని చూశాను. రెండు రోజులు అలా అనుకున్నాను కూడా. కాదు. ఆమె మీద జాలితో కాదు. ఆమె కళ్ళలో నేను మారిపోతానని భయపడ్డాను. అంతే కారణం.

పాడె ఒక కొమ్ము సూర్యనారాయణ పట్టాడు. నా చెల్లీ అని ఏడ్చాడు. దమయంతి నన్ను పొదివి పట్టుకుని, నువ్వు చేసినంత ఎవరు చేస్తారక్కా అంది. వాళ్ళిద్దరికీ ఇప్పటికీ చెప్పలేదు. చెబితే అతని దగ్గర్నుంచి చెల్లెలు పోయిన దుఃఖాన్ని కూడా లాక్కున్నట్టు అవుతుంది, మా చెల్లెలి కాపురం కింద గొయ్యి తవ్వినట్టు అవుతుంది. ఇది దయా, పిరికితనమా? దయ అని పేరు పెట్టుకోను. అలాంటి పేర్లు పెట్టుకునే ఇంత దూరం వచ్చాను.

ఇవాళ పొద్దున్న దీపం వెలిగించాను. ఇన్నేళ్ళూ అక్కడ కూర్చుని, నా తప్పులు మన్నించు స్వామీ అని గంపగుత్తగా అడిగేదాన్ని, ఏ తప్పో చెప్పకుండా. ఇవాళ మన్నించమని అడగలేదు. నీలమ్మ పెళ్ళి నేను చెడగొట్టాను, మామ్మ చెప్పినది దాచాను, చచ్చిపోతున్న మనిషికి అబద్ధం చెప్పాను అని పైకి అన్నాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చివరి దాకా అన్నాను. ఆ తరవాత చాలా సేపు అక్కడే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. లేచి, కాగితం వెతుక్కుని, ఇది రాయడం మొదలుపెట్టాను.